ఆఫీసులో ఓకే.. చెరువు గట్టున సైలెంట్!

రొయ్యల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ టైమ్‌లో ఏరేటర్లు తిరక్కపోతే పంట పోయినట్టే. అందుకే నీళ్లలో ఆక్సిజన్ కొలిచి, ఏరేటర్ ప్యానెల్‌కి కబురు పంపే చిన్న బోర్డు చేశాం. హైదరాబాద్ ఆఫీసులో రెండు వారాలు నడిచింది. ఒక్క తేడా లేదు. తీరా భీమవరం దగ్గర చెరువు గట్టున పెడితే.. ఉలుకూ పలుకూ లేదు!

‘‘అన్నా, ఈ రాత్రికి కూడా నేనే టార్చిలైటు పట్టుకుని కూర్చోవాలా?’’ అన్నాడు రైతు వాళ్లబ్బాయి. నిజం చెప్పొద్దూ, తలెత్తలేకపోయా.

కేబుల్ మార్చా. స్విచ్ మార్చా. చివరికి ల్యాప్‌టాప్ తగిలించి పింగ్ కొడుతూ వైర్‌షార్క్ తెరిచా. పింగ్ బోర్డుకి చేరుతోంది. అదేమో నాకు జవాబివ్వకుండా ‘192.168.1.1 ఎవరు?’ అని పదే పదే అరుస్తోంది. అది రౌటర్ అడ్రస్. గట్టు మీద రౌటరే లేదు! బోర్డు 192.168.1.10, నా ల్యాప్‌టాప్ 192.168.1.20. పక్కపక్క ఇళ్లు. నేరుగా ఇచ్చేయొచ్చుగా?

మేం వాడింది ఎల్‌డబ్ల్యూఐపీ. స్వీడన్‌లో ఆడమ్ డంకెల్స్ మొదలుపెట్టిన, కొద్దిపాటి మెమరీలోనే సర్దుకునే ఓపెన్‌సోర్స్ స్టాక్. అది ఐపీ అడ్రస్‌ని నెట్‌వర్క్ వరసలో, అంటే 192 ముందు వచ్చేలా దాచుకుంటుంది. మా చిప్ మాత్రం ఏ సంఖ్యనైనా తోక వైపు నుంచి దాస్తుంది. దీన్నే లిటిల్ ఎండియన్ అంటారు. (గలివర్ కథలో గుడ్డుని ఏ వైపు పగలగొట్టాలా అని కొట్టుకుంటారే, 1980లో డానీ కోహెన్ ఆ పేరు అక్కడి నుంచే తెచ్చాడు.) కాబట్టి కోడ్‌లో సంఖ్యగా రాసిన అడ్రస్‌ని తిప్పి ఇవ్వాలి. ఐపీకి తిప్పాం, గేట్‌వేకి తిప్పాం. సబ్‌నెట్ మాస్క్‌కి మర్చిపోయాం. మర్చిపోయింది నేనే లెండి.

అలా 255.255.255.0 కాస్తా 0.255.255.255 అయి కూర్చుంది. మొదటి మూడు అంకెలు పోల్చాల్సిన బోర్డు చివరి మూడు పోల్చింది. 10, 20 వేరు కదా, నా ల్యాప్‌టాప్‌ది ‘వేరే ఊరు’ అనుకుని జవాబుని రౌటర్‌కి అప్పగించబోయింది.

మరి ఆఫీసులో ఎలా నడిచింది? అక్కడ రౌటర్ ఉంది. తన దగ్గరికి పొరపాటున వచ్చిన ప్రతి ప్యాకెట్‌నీ పాపం అదే సరైన చోటికి చేరవేసేది. రెండు వారాలు నా తప్పుని కప్పిపెట్టింది!

ఒక్క లైను మార్చి బోర్డులోకి ఎక్కించా. ఆ రాత్రి గట్టు మీదే ఉండిపోయా. తెల్లవారుజామున ఏరేటర్లు వాటంతటవే తిరిగాయి. ఆ అబ్బాయి మాత్రం షెడ్డులో హాయిగా గుర్రు పెడుతున్నాడు.