రెసిన్ ముద్రణయంత్రము - పనిచేయు స్త్రీల యారోగ్యము

కృత్రిమదంతములు కట్టించుకొనిన సోదరీమణులు అవి యెక్కడ తయారగునో యెన్నడైన నాలోచించిరా? ఇదివరలో మైనముతో చేతులతో మలచుచుండిన పనిని నేడు పెక్కు దంతశిల్పశాలలలో త్రీడీ ప్రింటరను యంత్రము చేయుచున్నది. బంగారుపనివారును పోతకు వలయు నమూనాలను దీనిపై తీయుచున్నారు. చిన్న యంత్రములు కొందరి యిండ్లలో బల్లలపైకిని వచ్చినవి. ఈ పనులలో ప్రవేశించు స్త్రీలకు జీత మెంతయో తెలియును గాని, తాము పీల్చు గాలి యెట్టిదో చెప్పువారరుదు.

అమెరికా దేశీయుడగు చార్లెస్ హల్ 1983లో ఈ పద్ధతిని కనుగొని, 1986లో పేటెంటు బడసెను. తొట్టిలోని ద్రవముపై ఊదావన్నె కాంతి పడినచోటనెల్ల అది గట్టిపడును. మిల్లీమీటరులో నిరువదవవంతు మందమున పొరపై పొర పేరి వస్తువు రూపొందును. రెసిననగనే మనకు గుగ్గిలమో సాంబ్రాణియో జ్ఞప్తికి వచ్చును. చెట్టుబంకకును దీనికిని పేరునందు తప్ప పోలిక లేదు. ఇందు ముఖ్యద్రవ్యములు అక్రిలేటులు, మెథాక్రిలేటులు. పూర్తిగా గట్టిపడిన వస్తువుతో భయము స్వల్పము. గట్టిపడని ద్రవముతోను, దాని యావిరితోనే చిక్కు.

ఆవిరివలన కన్నులు మండును, గొంతు గరగరలాడును, తల నొచ్చును. ఉబ్బసము గలవారి కాయాస మధికము కావచ్చును. వస్తువును కడుగుటకు వాడు ఐసోప్రొపైల్ ఆల్కహాలు మరియొక యపాయము. సుమారు 12 డిగ్రీల వేడిమికే దాని యావిరి నిప్పంటుకొనగలదు. మన తెలుగుసీమలో శీతకాలపు మధ్యాహ్నము సైతము అంతకంటె వెచ్చన గదా! ఆ గదిలో అగరువత్తి వెలిగించుట యెంత ప్రమాదమో వేరుగ చెప్పనేల?

అన్నిటికంటె మొండిది చర్మవ్యాధి. కొందరికి నెలలతరబడి యేమియు కాదు. పిదప నొకనాడు వ్రేళ్లకొనలు దురదపెట్టి, యెఱ్ఱబారి, పగులును. శరీర మొకసారి ఆ ద్రవ్యమును సహింపని స్థితికి వచ్చెనా, ఆ గుణము సామాన్యముగ జీవితాంతము వదలదు. అటుపిమ్మట లేశమాత్రము తగిలినను చాలును. గాలిలోని యావిరికే కనురెప్పలు వాయుట గలదు. చేతిపని విడువవలసి వచ్చుటయే గాక, పంటికి పూడ్చు సిమెంటులు, ఎముకల శస్త్రచికిత్సలో వాడు సిమెంటు ఇట్టి ద్రవ్యజాతివే యగుటచే చికిత్సకును చిక్కు కలుగవచ్చును. గోళ్లకు వేయించుకొను జెల్ రంగును ఈ కుటుంబములోనిదే. అందును, పెక్కు రెసినులందును కలియు టీపీవో యను ద్రవ్యము సంతానశక్తికి హానికరమను వర్గమున చేర్చబడుటచే, ఐరోపా సమాఖ్య 2025 సెప్టెంబరు 1 నుండి సౌందర్యసాధనములలో దానిని నిషేధించినది. కావున గర్భిణులు ఈ పనికి దూరముగ నుండుట మేలని నా యభిప్రాయము.

ఇక జాగ్రత్తలు. పైకప్పు పంకా ఆవిరిని గదియంతట చిమ్మునే గాని వెలుపలికి పంపదు. తలుపులు మూసి చల్లనియంత్రము నడిపిన గదియు నంతే. యంత్రము చెంతనే గాలిని బయటికి లాగు పంకా యుండవలెను. గుడ్డముసుగు, దుమ్ముముసుగు ఆవిరి నాపజాలవు. బొగ్గుపొడి నింపిన వడపోతగల ముసుగు కావలెను. పలుచని రబ్బరు తొడుగులగుండ ద్రవము చొచ్చుకొనిపోవును. నైట్రైల్ తొడుగులు వాడి, చుక్క పడగనే మార్చుకొనవలెను. చర్మముపై పడినచో సబ్బునీటితోనే కడుగవలెను. స్పిరిటుతో తుడిచిన మరింత వ్యాపించును. పమిటచెంగున చేతులు తుడుచుకొను నలవాటొకటి మనకు గలదు. ఆ చీరతోనే యింటికి వచ్చి బిడ్డ నెత్తుకొందుము! పనిబట్టలను వేరుగ నుతుకవలెను. అన్నపుడబ్బా ఆ గదిలోనికే పోరాదు. మిగిలిన ద్రవమును తూములో పోయక, యెండలో గట్టిపరచి పారవేయవలెను.

వాసన లేని రెసినని యమ్మునది నిరపాయమని నమ్మరాదు. ముక్కునకు తెలియనిదెల్ల మంచిది కాదు. "మా కేమియు కాలేదే" యను యజమానికి, ఈ ద్రవ్యముతో వచ్చు రక్షణవివరముల పత్రమును చూపుమని నెమ్మదిగ నడుగవచ్చును. అడిగిన తప్పు లేదు.

చేతులు పగిలినచో గిన్నెలు తోముటవలన నని సరిపెట్టుకొనక చర్మవైద్యుని చూడవలెను. చేయు పని యెట్టిదో మొదట చెప్పి, రెసిన్ సీసామీది పేరుపత్రమును వెంట గొనిపోవుడు. వీపున చిన్నపట్టీల నంటించి, రెండుదినముల పిదప తీసి చూచెడి పరీక్షచే ఏ ద్రవ్యము పడలేదో వైద్యుడు తెలిసికొనగలడు.