కారు ఫ్రిజ్ కొనేముందు – ప్రయాణంలో ఇన్సులిన్ సంగతి



వేసవి వచ్చిందంటే మన వైపు ప్రయాణాలు మొదలవుతాయి. పిల్లలకు సెలవులు, పెండ్లిండ్లు, హైదరాబాదులో ఉన్న కొడుకు ఇంటికి, వేళాంకణ్ణికి, లేదంటే అరకు వైపు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు ప్రాంతాల షుగరు రోగుల కుటుంబాలవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "కారులో పెట్టుకునే చిన్న ఫ్రిజ్‌లు వచ్చాయటండీ. అమ్మకు ఇన్సులిన్ ఉంది కదా, ఒకటి కొనమంటారా?"

దీనికి జవాబు ముందే చెప్పివేస్తాము. అందరికీ అది అవసరం లేదు. అవసరమైనవారు కూడా పెద్దదనో, ఫ్రీజర్ ఉందనో మోజుపడి కొనవద్దు. పైగా తెలియక వాడితే ఎండ చేసే చెరుపు కన్నా ఆ ఫ్రిజ్ చేసే చెరుపే ఎక్కువ. ఎందుకో వివరంగా తెలుసుకుందాం.

ఎంత చలువ కావాలి?

ఇన్సులిన్ ఒక మాంసకృత్తు. 1922 జనవరిలో కెనడా దేశంలోని టొరంటోలో 14 ఏండ్ల బాలునికి మొదటిసారి ఈ మందు ఎక్కించారు. వంద ఏండ్లు దాటినా, ఎన్నో కొత్త రకాలు వచ్చినా దానికి చలువ అవసరం తప్పలేదు. మూత తీయని సీసాలను 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉంచితే పెట్టె మీద వేసిన గడువు తేదీ వరకు పనిచేస్తాయి. వాడుకలో ఉన్న సీసా గానీ, పెన్ను గానీ 25 లేక 30 డిగ్రీలు మించని చోట ఫ్రిజ్ బయట సుమారు నాలుగు వారాలు ఉండవచ్చు. రకాన్ని బట్టి కొద్ది తేడా ఉంటుంది కనుక పెట్టెలో మడిచి పెట్టిన కాగితం తప్పక చదివించుకోండి.

వేడికి ఇన్సులిన్ మెల్లమెల్లగా బలం కోల్పోతుంది. గడ్డకడితే మాత్రం ఒక్కసారే పాడైపోతుంది. విరిగిన పాలను చల్లార్చినా, కాచినా మళ్ళీ పాలు కానట్లే, గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ మళ్ళీ మందు కాదు. పాలలాగా తెల్లగా ఉండే రకమైతే పలుకులు కట్టి, సీసా గోడకు అంటుకుని కొంత తెలుస్తుంది. నీళ్ళలాగా ఉండే రకం కరిగిన తరువాత మునుపటిలాగే కనిపించవచ్చు. చిక్కంతా ఇక్కడే ఉంది. మనిషి రోజూ సూది వేసుకుంటూనే ఉంటాడు, షుగరు పెరుగుతూనే ఉంటుంది. "పెండ్లిలో స్వీట్లు తిన్నాడులే" అని ఇంటివారు సరిపెట్టుకుంటారు. వాంతులు, విపరీతమైన దాహం, ఆయాసం వచ్చాక ఆసుపత్రికి తెస్తారు. చిన్నపిల్లలలో, పూర్తిగా ఇన్సులిన్ మీదనే ఆధారపడినవారిలో ఇది ప్రాణం మీదికి వచ్చే స్థితి. గడ్డకట్టిందేమో అన్న అనుమానం ఉన్నా ఆ సీసా పారవేయండి. ఖరీదు చూసుకోవద్దు.

రెండు రకాల ఫ్రిజ్‌లు

దుకాణంలో పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. లోపల పని తీరు వేరు.

మొదటి రకంలో కంప్రెసరు ఉండదు. ఒక చిన్న పలక గుండా కరెంటు పోతే దాని ఒక ముఖం చల్లబడి, రెండవ ముఖం వేడెక్కుతుంది. 1834లో పెల్టియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన సూత్రం ఇది. వెనుక చిన్న ఫ్యాను ఆ వేడిని బయటకు తోస్తుంది. తేలిక, చవక. అయితే ఇది బయటి వేడి కన్నా సుమారు 15, 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. చలిదేశాల్లో అది చాలు. మన ఏలూరులో మే నెల మధ్యాహ్నం బండిలో 42 డిగ్రీలు ఉన్నాయనుకోండి, పెట్టె లోపల 22 నుండి 27 ఉంటాయి. వాడుకలో ఉన్న సీసాకు అది ఫరవాలేదు. నెల సరిపడా కొత్త సీసాలకు చాలదు. ఇంక ఎండలో తలుపులు బిగించి నిలిపిన కారులో ఒక గంటలోనే 55 డిగ్రీలు దాటవచ్చు. అప్పుడు ఈ పెట్టె ఏమీ చేయలేదు.

దీనికి ఇంకో గుణం ఉంది, అమ్మేవారు చెప్పరు. వీటిలో చాలావాటికి ఇంత చల్లబడగానే ఆగిపోవాలనే ఏర్పాటు ఉండదు. డిసెంబరులో అరకు వెళ్ళి రాత్రంతా ఆన్‌లో వదిలేశారనుకోండి. బయటే 10 డిగ్రీలు, ఇంకా 15 తగ్గితే సున్నా కిందకు పోతుంది. మే నెలలో చల్లబరచలేని పెట్టె డిసెంబరులో మందును గడ్డకట్టించగలదు! అదీగాక వేడి, చలువ రెండింటికీ కలిపి ఒకే స్విచ్ ఉంటుంది. పిల్లవాడు ఆడుకుంటూ దాన్ని అటు తిప్పితే అన్నం వేడిగా ఉంచే పెట్టె అయిపోతుంది. ఆ స్విచ్ మీద ప్లాస్టరు అంటించండి.

రెండవ రకం ఇంట్లో ఫ్రిజ్‌లాగానే చిన్న కంప్రెసరుతో నడుస్తుంది. బరువు ఎక్కువ, ఖరీదు మొదటిదానికి మూడు నాలుగు రెట్లు. కాని బయట 43 ఉన్నా లోపల 5 డిగ్రీలు నిలపగలదు. మీట నొక్కి అంకె పెట్టుకోవచ్చు. చాలా నమూనాలు మైనస్ 18 వరకు కూడా పోతాయి. ఫ్రిజ్, ఫ్రీజర్ రెండూ అని ప్రకటించేది ఇందుకే. మందు కోసం కొనేవారికి ఆ మైనస్ అంకెలతో పనిలేదు, భయం మాత్రం ఉంది. అంకెను 5 మీద పెట్టి, తాళం వేసే మీట ఉంటే వేసేయండి.

మా అభిప్రాయం అడిగితే: తెరవని సీసాలతో వేసవిలో రోజుల తరబడి సొంత బండి మీద తిరిగేవారు కంప్రెసరు రకమే తీసుకోవాలి. మిగిలినవారు ఏదీ కొననక్కరలేదు.

ఎంత పెద్దది?

చిన్న లెక్క వేద్దాం. మన దేశంలో ఎక్కువగా దొరికే 10 మిల్లీలీటర్ల సీసాలో, మిల్లీలీటరుకు 40 యూనిట్ల రకమైతే, 400 యూనిట్లు ఉంటాయి. రోజుకు 40 యూనిట్లు వేసుకునే మనిషికి ఒక సీసా పది రోజులు. నెలకు మూడు సీసాలు. మూడూ కలిపి ఒక టిఫిను గిన్నెలో పడతాయి. ఇందుకు 40 లీటర్ల ఫ్రిజ్ ఎందుకు? ఎనిమిది, పది లీటర్లది చాలు. మిగిలిన చోటు నీళ్ళ సీసాలతో నింపండి. కరెంటు పోయినా నీళ్ళ చలువ కొంతసేపు కాపాడుతుంది.

కాని మన కుటుంబాలలో జరిగేది వేరు. పెద్దది కొంటారు, "ఎలాగూ ఉంది కదా" అని హైదరాబాదు వెళ్ళేటప్పుడు అందులో కొరమీను, రొయ్యలు సర్దుతారు. కొల్లేటి చేప తినకపోతే మనవళ్ళు ఊరుకోరు, నిజమే. చేప పాడవకూడదని అంకె మైనస్‌లో పెడతారు, అమ్మగారి ఇన్సులిన్ ఓ మూలన అదే పెట్టెలో ఉంటుంది. విజయవాడ దాటేసరికే ఆ మందు గడ్డకట్టి ఉండవచ్చు. ఒకే గది ఉన్న ఫ్రిజ్‌లో ఇవి రెండూ ఇమడవు. రెండు గదులకు రెండు అంకెలు పెట్టుకునేవి ఉన్నాయి గాని చాలా ఖరీదు. చేపకు థర్మోకోల్ పెట్టె, ఐసు చాలు. ఆకివీడు, కైకలూరు నుండి లారీలకు లారీల చేప వందల మైళ్ళు పోయేది ఐసు మీదనే కదా.

బ్యాటరీ జాగ్రత్త

చిన్న కారులో 12 వోల్టుల బ్యాటరీ సుమారు 35 ఆంపియర్ అవర్లది ఉంటుంది. పెల్టియే రకం పెట్టె ఆగకుండా నాలుగు ఆంపియర్లు లాగుతుంది. ఇంజను ఆపి రాత్రంతా వదిలితే ఎనిమిది గంటలకు 32. తెల్లారి బండి స్టార్టు కాదు. కంప్రెసరు రకం ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి తక్కువ తింటుంది. బ్యాటరీ దిగిపోతుంటే తానే ఆగిపోయే రక్షణ అందులో ఉందో లేదో అడిగి కొనండి. అలా ఆగిపోయినప్పుడు మందు వేడెక్కుతుందని కూడా గుర్తుంచుకోండి. రాత్రి బస చేసే చోట ఇంటి కరెంటుకు తగిలించే అడాప్టరు తప్పనిసరి. కొన్ని కార్లలో తాళంచెవి తీయగానే సాకెట్టుకు కరెంటు ఆగిపోతుంది. భోజనానికి దిగేముందు అది చూసుకోండి.

పెట్టెను డిక్కీలో సామాను కింద కుక్కవద్దు, దాని గాలి కంతలు మూసుకుపోతాయి. ముందు సీటు వెనుక కాళ్ళ దగ్గర, ఏసీ గాలి తగిలే చోట బెల్టుతో బిగించి పెట్టండి.

కొన్న రోజునే మందు పెట్టకండి. రెండు రోజులు ఇంట్లో నడిపి, లోపల గ్లాసు నీళ్ళలో చిన్న థర్మామీటరు ఉంచి చూడండి. పైన వెలిగే అంకె ఒకటి, లోపల ఉండే చలువ ఒకటి కావచ్చు. అత్యధికం, అత్యల్పం రెండూ గుర్తుంచుకునే డిజిటల్ థర్మామీటరు ఎలక్ట్రానిక్ దుకాణాలలో దొరుకుతుంది. ఫ్రిజ్ కొనలేనివారు కూడా ఇది కొనుక్కోవచ్చు.

ఫ్రిజ్ లేకుండా

రెండు మూడు రోజుల ప్రయాణానికి, బస్సులో, రైలులో, మోటారు సైకిలు మీద పోయేవారికి ఇదే దారి. టీకాల రోజున ఏఎన్ఎమ్ అమ్మగారు భుజాన వేసుకొచ్చే డబ్బా చూసే ఉంటారు. అందులో కరెంటు లేదు, నాలుగు ఐస్‌ప్యాకులు మాత్రమే. ఆమె వాటిని ఫ్రీజర్ నుండి తీసిన వెంటనే సర్దదు. కొంతసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపి, లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వచ్చాకనే పెడుతుంది. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన పొడి ఐసు మైనస్ 10, 15 డిగ్రీలలో ఉంటుంది, తగిలిన మందును గడ్డకట్టిస్తుంది. నీరు కారుతున్న ఐసు సున్నా దగ్గర నిలుస్తుంది. మీరూ అదే చేయండి. ఐస్‌ప్యాకుకు చప్పుడు వచ్చాక తువాలు చుట్టి, మందును మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, రెండూ తగలకుండా థర్మోకోల్ పెట్టెలో లేక వెడల్పు మూతి ఫ్లాస్కులో ఉంచండి. ఐసులో ఉప్పు వేయవద్దు. కుల్ఫీ బండివాడు ఉప్పు వేసేది సున్నా కన్నా కిందకు దింపడానికే.

మట్టికుండ పద్ధతి మన పెద్దలది. తడి ఇసుకలో చిన్న కుండ, అందులో డబ్బాలో మందు, పైన తడిగుడ్డ. నీరు ఆవిరవుతూ చలువ ఇస్తుంది. పడమటి వడగాలి వీచే పొడి రోజుల్లో ఇది బాగా పనిచేస్తుంది. కొల్లేటి ఒడ్డున ఉక్కపోసే రోజుల్లో ఆవిరి తక్కువ, చలువా తక్కువే. నీటిలో నానబెడితే ఉబ్బే స్ఫటికాల సంచులు కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. వాడుకలో ఉన్న సీసాకు ఇవి మంచివే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచి కొల్లేటిలోకి వచ్చినప్పుడు లంక గ్రామాల దారులు నీట మునిగాయి. అలాంటి రోజుల్లో కరెంటుతో పనిలేని కుండే అక్కరకు వస్తుంది.

స్కూటరు సీటు కింద, కారు డ్యాష్‌బోర్డు మీద, బస్సు డిక్కీలో మందు పెట్టవద్దు. విమానంలో వెళ్ళేవారు చేతి సంచిలోనే ఉంచుకుని, డాక్టరు చీటీ వెంట పెట్టుకోండి.

చుట్టాలింటికి చేరాక కూడా ఒక్క మాట. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో ఐసు గది కింద ఉండే ట్రేలో గానీ, వెనుక గోడకు ఆనించి గానీ ఇన్సులిన్ పెట్టవద్దు, అక్కడ గడ్డకడుతుంది. తలుపు అరలోనో, కూరగాయల డబ్బా పైననో ఉంచి, ఆ ఇంటి అమ్మగారికి చెప్పండి. చెప్పకపోతే ఆమె ఫ్రిజ్ సర్దుతూ, బాగా చల్లగా ఉంటుందని మంచి మనసుతో దాన్ని ఐసు గదిలోకి మారుస్తారు.