కట్టయు – చట్టమును



ఇల్లు కట్టుకొనుటకు స్థలము చూచునపుడు వాకిలి తూర్పునకున్నదా, బడి దగ్గరగా నున్నదా, బోరులో నీరు పడునా యని మనము విచారింతుము. ఈ నేల యొకప్పుడు చెరువుగర్భమా యని యడుగువారు మాత్రము అరుదు. మచ్చ బొల్లారము, అల్వాలు మొదలుకొని మేడ్చలు, శామీరుపేటల దాక పొలములు ప్లాట్లుగా మారుచున్న యీ ఉత్తరపు పొలిమేరలో తక్కిన ప్రశ్నలకంటె ఇదియే ముఖ్యము. తప్పుచోట లేచిన యింటివలన చెరువును చెడును, సంసారమును చెడును. ఈ రెంటిని కాపాడవలసినది చట్టము. అది ఏ వేళకు మేల్కొనవలెనో నేడు విచారింతము.

పూర్వము మన పల్లెలలో చెరువునకు నీరటివాడుండెడివాడు. తూము ఎప్పుడు తీయవలెనో, కట్ట ఎచ్చట బలహీనపడినదో చూచుకొనుట అతని పని. చెరువు నిండినపుడు నీరు పరచుకొను నేలకు శిఖము భూమి యని పేరు. నీరు తీసిన పిదప అందు పైరు పెట్టుకొన్నను ఇల్లు మాత్రము కట్టరాదని ఊరందరికిని తెలియును. పల్లె పట్టణములో కలిసిపోయినచోట నీరటివాడు లేడు. అతని కన్ను చేసిన పనిని నేడు చట్టమే చేయవలెను.

చట్టము ఆ పని చేయగలదా యని సందేహించువారికి మన నగరచరిత్రలోనే ఒక నిదర్శనము గలదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి హైదరాబాదులో వేలకొలది జనులను బలిగొన్నది. అంతట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి నదికి ఎగువను జలాశయములు కట్టిరి. 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియైనవి. వరదను ఆపుటకు కట్టినవి ఊరికి త్రాగునీటిని సైతము ఇచ్చినవి.

రాతికట్ట నీటిని నిలుపును గాని, నీటి స్వచ్ఛతను నిలుపలేదు. అందులకై 1996 మార్చి 8వ తేదీన నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 111వ ఉత్తరువును వెలువరించినది. ఈ జలాశయములకు పది కిలోమీటర్ల లోపల, 84 గ్రామముల పరిధిలో, నీటిని చెరచు పరిశ్రమలు నెలకొల్పరాదని దాని సారాంశము. కాని మరుసటి యేడే, 1997లో, శంషాబాదు మండలము పెద్దషాపూరున ఒక నూనెల కర్మాగారమునకు ఆ ప్రభుత్వమే మినహాయింపు నిచ్చినది! కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరింపగా వ్యాజ్యము సుప్రీముకోర్టుదాక నడచినది. ఇదియే ఆచార్య ఎం.వి. నాయుడుగారి పేరుతో న్యాయశాస్త్రమున ప్రసిద్ధమైన వ్యాజ్యము.

1999 జనవరిలోను, 2000 డిసెంబరులోను ఇందు వెలువడిన తీర్పులను వ్రాసినవారు మన తెలుగువారే యగు న్యాయమూర్తి ఎం. జగన్నాథరావుగారు. ఆ మినహాయింపు చెల్లదనియు, త్రాగునీరు ప్రజల జీవనహక్కులో భాగమనియు న్యాయస్థానము తేల్చినది. ముందుజాగ్రత్తయను సూత్రమును అందు విపులముగా చర్చించిరి. కీడు జరిగినట్లు రుజువగువరకు వేచియుండరాదు. క్రొత్తపని తలపెట్టినవాడే తన పనివలన కీడు లేదని చూపవలెను. పాలు విరుగునేమోయని పొద్దుననే కాచిపెట్టు గృహిణికి ఈ సూత్రము క్రొత్తగా బోధింప నక్కరలేదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ఫలమేమి? ఐనను ఒక తీర్పుతో కథ ముగియదు. 2022లో 111వ ఉత్తరువు నిర్బంధములను తొలగించుచు 69వ ఉత్తరువు రాగా వాదములు మరల మొదలయ్యెను. కట్టవలెనే చట్టమునకును ఏటేట కాపుదల కావలెను.

ఇక మన వాకిటికి వత్తము. 2012 నాటి భవననిర్మాణ నియమముల ప్రకారము పది హెక్టారులు, అంతకు మించిన చెరువుల హద్దునుండి 30 మీటర్లు, అంతకు చిన్నవగు చెరువులు, కుంటల హద్దునుండి 9 మీటర్లు విడిచి కట్టుకొనవలెను. 2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టము సామాన్యజనులలో వాల్టా యని పిలువబడుచున్నది. ప్రజలు త్రాగు నీటి బావికి 250 మీటర్లలోపల అనుమతి లేక క్రొత్త బావి త్రవ్వరాదని అందు గలదు. మన బోరు లోతు పెరిగినకొలది పొరుగింటి బోరు ఎండునని ఎరిగినవారికి దీని న్యాయము వేరుగ చెప్పవలెనా?

ఇన్ని నియమములుండియు చెరువులు కుంచించుకొని పోయినవి. 2024 జులైలో హైడ్రా యను సంస్థను ఏర్పరచి ప్రభుత్వము ఆక్రమణలను తొలగింప నారంభించినది. చెరువును విడిపించుట మంచిదే. కాని కూలిన గోడలలో పేదల యిండ్లును కలవు. ప్లాటు గీసినవాడు సొమ్ము చేసికొని పోయెను. అప్పుచేసి, మెడలోని బంగారమమ్మి కొన్న యిల్లాలు వీధిలో నిలిచెను. పునాదినాడు ఊరకుండి గృహప్రవేశమైన పిదప మేల్కొను చట్టము చెరువునకు ఆలస్యముగను, సంసారమునకు క్రూరముగను వచ్చును. పాలకులను మనమడుగవలసినది కఠినత్వముకంటె ముందుగా సకాలమున మెలకువ.

మనవంతు పనియు కలదు. స్థలము కొనుటకు పూర్వము చెరువు పూర్తి నీటిమట్టపు హద్దెక్కడో కనుగొనుడు. మహానగరాభివృద్ధి సంస్థవారు చెరువుల పటములను ప్రకటించియున్నారు. సందేహమున్నచో 2005 నాటి సమాచారహక్కు చట్టముక్రింద పది రూపాయల రుసుముతో ఎవరైనను అడుగవచ్చును. రిజిస్ట్రీ యైనంత మాత్రమున అన్నియు సరియని నమ్మవలదు. దస్తావేజు కొనుగోలునకు సాక్ష్యమే గాని నేల మంచిదనుటకు కాదు.

ఇంటిలో బిందె నింపునది మన చేయి. ఆ నీటి నిచ్చు చెరువు మేరను గురించి బయానా చెల్లింపకముందే అడుగు నోరు కూడ మనదే కావలెను.