వ్యాయామోపాధ్యాయుడు – నూతన యంత్రములు



మా ఆత్రేయపురము పేరు చెప్పగనే మీకు పూతరేకులు జ్ఞప్తికి వచ్చును. బోర్లించిన కుండక్రింద మంట యుండును. పలుచని బియ్యపుపిండి జావలో ముంచిన గుడ్డను కుండపై నొక్కమాఱు పఱచి లాగినంతనే రేకు సిద్ధమగును. ఆ చేతివాటము రెప్పపాటులో ముగియును. దానిని మాటలతో నేర్పుట కష్టము. పలుమాఱు చూచి, చేయి కాల్చుకొని నేర్వవలసినదే. పరుగు, దుముకు, విసరుట యనునవియు నట్టివే. ఈ చిక్కును తీర్చుటలో నూతన యంత్రములు వ్యాయామోపాధ్యాయునకు ఎంతవఱకు తోడ్పడునో, ఎచ్చట నాగిపోవునో నా యనుభవమునుండి మనవి చేసెదను.

వెనుకటి దినములలో మావారిని డ్రిల్లు మాష్టరులనెడివారు. 1920లో హ్యారీ క్రో బక్కుగారు మదరాసునందు వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను నెలకొల్పిరి. అచ్చట ఈ వృత్తికి శాస్త్రీయమైన శిక్షణ లభించెను. ఐనను చిరకాలము మా సాధనములు ఈల, కొలతటేపు, స్టాప్‌వాచి మాత్రమే.

స్టాప్‌వాచి మంచిదే కాని, దానిని నొక్కువ్రేలు మనుష్యునిది. ఈల విని వ్రేలు కదలుటకు కొంత యాలస్యమగును. గమ్యమువద్దనో, వచ్చువానిని ముందుగనే చూచుచుందుము కావున ఆ యాలస్యముండదు. అందుచేత చేతితో కొలిచిన కాలము విద్యుద్యంత్రము చూపు కాలముకంటె సుమారు పావు సెకను తక్కువగా వచ్చును. 50 మీటర్లను 8 సెకనులలో పరుగెత్తు బాలునకు పావు సెకను అనగా మీటరున్నరకు పైబడిన దూరము! పదవవంతు సెకను భేదమును బట్టి ఒకనిని గెలిచినవాడనియు, మఱియొకనిని ఓడినవాడనియు చేతి గడియారముతో నిర్ణయించుట న్యాయము కాదు.

ఇక సెల్‌ఫోను కెమేరా సంగతి. దూరపు దుముకులో చివరి పాదము పలకపై నిలుచు కాలము ఇంచుమించు సెకనులో ఎనిమిదవవంతు. సాధారణముగా సెకనుకు 30 బొమ్మలు తీయు కెమేరా ఆ వ్యవధిలో మూడు నాలుగు బొమ్మలు మాత్రమే పట్టును. 240 తీయునది ముప్పది పట్టును. వానిని మెల్లగా నడపినచో, కంటికందని కదలిక కన్నులయెదుట నిలుచును.

తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఎంత వేగముగా వచ్చినను దూరము దుముకలేకపోయెడిది. "కాళ్ళలో బలము లేదు, బస్కీలు తీయుము" అని నేను నెలదినములు గద్దించితిని. ఒకనాడు ప్రక్కనుండి చిత్రము తీసి చూచితిమి. చివరి అంగను మిక్కిలి చాచి, పాదమును దేహమునకు చాల ముందు మోపుచున్నది. అది బండికి కళ్ళెము బిగించినట్లు వేగమును ఆపివేయుచున్నది. ఆమె యట్లేల చేసెను? పరుగు మొదలిడు గుర్తును నేనే దూరముగా పెట్టితిని. పలక నందుకొనుటకు పాప మామె అంగ చాచుచుండెను. గుర్తును అడుగున్నర ముందునకు జరిపితిని, దుముకు చక్కబడెను. లోపము ఆమె కాళ్ళలో లేదు, నా కొలతలో నున్నది.

మా డెల్టాలో వానకాలమున ఆటస్థలము బురదమడి యగును. అప్పుడు ఆటల పీరియడు తఱచుగా లెక్కలకో, ఇంగ్లీషునకో సమర్పణమగును. 2023 నుండి రాష్ట్రమునందలి పెక్కు ప్రభుత్వ పాఠశాలల గదులలో పెద్ద తెరలు వచ్చినవి. వానిపై కబడ్డీ నియమములు చూపవచ్చును. పిల్లలచే 15 సెకనులు నాడి లెక్కింపించి, నాలుగింతలు చేయించి, నిలుచున్న చోటనే గుంజీలు తీసిన పిదప మరల లెక్కింపించి, గుండె పనిని బోధింపవచ్చును. కాని తెర చూచినంతమాత్రమున చెమట పట్టదు. గంటలో సగమైనను దేహము కదలకున్న అది వ్యాయామపాఠము కానేరదు.

ఒక తప్పును గూడ చెప్పవలయును. స్థూలకాయుడైన యొక బాలుని పరుగును నేను మంచి యుద్దేశముతోనే ఆ తెరపై చూపితిని. తరగతి యంతయు నవ్వెను. వారముదినములు వాడు ఆటస్థలమునకు రాలేదు. ఇంటికి పోయి పిలిచితిని; "మరల తీయరుగదా, మాష్టారూ?" అని యడిగెను. తీయనని మాట యిచ్చిన పిదపనే వచ్చెను. నాటినుండి ఎవరి చిత్రమునైనను, వారి యిష్టముతో తీసి, వారికే ముందు చూపి, పని తీరగనే తుడిచివేయుచున్నాను. ఫోను బృందములలో పంపను. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము గూడ 18 ఏండ్లు నిండనివారి సమాచారము విషయమున తలిదండ్రుల సమ్మతిని ముఖ్యముగా నెంచినది. చట్టము రాకున్నను మర్యాద యిదియే కదా!

యంత్రము బిడ్డ యెట్లు పరుగెత్తెనో చూపును. ఏల వెనుకబడెనో తెలిసికొనుట, మరునాడు మరల పరుగెత్తించుట ఉపాధ్యాయుని పని. తలిదండ్రులారా! మీ పిల్లలను "నేడు పాఠశాలలో ఏమి చూచితివి?" అని మాత్రమే కాక, "ఎంతసేపు ఆడితివి?" అని గూడ అడుగుడు.