బుర్జ్ ఖలీఫాపై సూర్యుడు ఆలస్యంగా అస్తమిస్తాడు ఎందుకు?

దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫా పై అంతస్తుల్లో ఉండేవారు రంజాన్ మాసంలో నేలపై ఉన్నవారికంటే కాస్త ఆలస్యంగా ఉపవాసం విరమించాలని 2011లో అక్కడి మతాధికారులు సూచించారు. 80వ అంతస్తుకు పైన ఉన్నవారు 2 నిమిషాలు, 150వ అంతస్తుకు పైన ఉన్నవారు 3 నిమిషాలు ఆగాలన్నది ఆ సూచన. దీనికి కారణాన్ని ఆ భవనంలోని వీక్షణ గ్యాలరీకి వెళ్లేవారు కళ్లారా చూడవచ్చు.

2010 జనవరి 4న ప్రారంభమైన ఈ భవనం ఎత్తు 828 మీటర్లు. సందర్శకుల ప్రధాన గ్యాలరీ 124వ అంతస్తులో, 452 మీటర్ల ఎత్తున ఉంది. 2014లో 148వ అంతస్తులో, 555 మీటర్ల ఎత్తున మరొకటి తెరిచారు. ప్రవేశం దుబాయ్ మాల్ లోపలి నుంచే. సెకనుకు 10 మీటర్ల వేగంతో వెళ్లే లిఫ్ట్ సుమారు ఒక్క నిమిషంలో 124వ అంతస్తుకు చేరుస్తుంది. గాలి పీడనం త్వరగా తగ్గడంతో చెవులు దిబ్బడ వేస్తాయి. గుటక వేస్తే సర్దుకుంటాయి.

భూమి గుండ్రంగా ఉన్నందున, సముద్రతీరంలో నిలబడిన మనిషికి దిగంతం 5 కిలోమీటర్ల లోపే ఉంటుంది. 452 మీటర్ల ఎత్తు నుంచి అది 75 కిలోమీటర్లకు పైగా దూరం జరుగుతుంది. కింద వీధిలో కనుమరుగైన సూర్యుడు అందుకే గ్యాలరీలో ఉన్నవారికి మరికొద్ది నిమిషాలు కనిపిస్తాడు.

అయితే ఎత్తు ఒక్కటే చాలదు, గాలి కూడా నిర్మలంగా ఉండాలి. వేసవిలో ఎడారి ధూళి, సముద్రపు తేమ దృశ్యాన్ని మసకబరుస్తాయి. చలికాలంలో ఆకాశం తేటగా ఉండే అవకాశం ఎక్కువ. ఆ రోజుల్లోనూ తెల్లవారుజామున పొగమంచు కమ్ముకోవచ్చు. టికెట్లు నిర్ణీత వేళలకే ఇస్తారు, సూర్యాస్తమయ వేళకు ధర అధికం. కాబట్టి కుటుంబంతో వెళ్లేవారు వాతావరణ సూచన చూసుకున్నాకే వేళను ఎంచుకోవడం మేలు.

ఇంతటి ఎత్తు ఇంజినీర్ల లెక్కలతో మాత్రమే సాధ్యం కాలేదు. 2004లో మొదలైన నిర్మాణం ముమ్మరంగా సాగిన దశలో రోజుకు 12 వేల మంది వరకు పనిచేశారు. వారిలో అత్యధికులు దక్షిణాసియా కార్మికులు. తక్కువ వేతనాలపై 2006 మార్చిలో వారు ఆందోళనకు దిగారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల్లో గల్ఫ్ వలస తెలియని ఊరు అరుదు. అక్కడి నుంచి వెళ్లే సందర్శకులకు ఈ విషయం విడిగా చెప్పనక్కరలేదు. ఆ ఎత్తు నుంచి ఆలస్యపు సూర్యాస్తమయాన్ని మొదట చూసినవారు టికెట్ కొన్నవారు కారు, ఆ అంతస్తులను కట్టినవారే.