మాంత్రికుడా, యోధుడా? పాత్రధారణ క్రీడలలోని లెక్క

పులి-మేక ఆట తెలియని పల్లె తెలంగాణములో అరుదు. బండమీద గీసిన గీతలపై ఒకరు 3 పులులను, మరొకరు 15 మేకలను నడుపుదురు. ఇరుపక్షముల బలము ఒకే జాతిది కాదు. పులి దుమికి మేకను చంపగలదు. మేక దేనినీ చంపజాలదు, కాని మేకలన్నియు కలిసి దారులు మూసి పులిని కదలనీయక చేయగలవు. అందుచేత ఆట మొదలు కాకముందే ఒక నిర్ణయము చేయవలసి యుండును: పులి పక్షమా, మేకల పక్షమా?

కంప్యూటరుపై అంతర్జాలము ద్వారా పలువురు కలిసి ఆడు పాత్రధారణ క్రీడలలో ఈ ప్రశ్నయే విస్తారముగా ఎదురగును. యోధుడు, వైద్యుడు, విలుకాడు, మాంత్రికుడు మున్నగు పాత్రలలో ఒకదానిని ఆటగాడు ఎంచుకొనవలెను. 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రములో ఎస్.వి. రంగారావు ధరించిన నేపాళ మాంత్రికుని చూచినవారికి మాంత్రికుని పాత్రపై మక్కువ ఎందుకు కలుగునో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే 2004లో వెలువడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వంటి క్రీడలో ఒకసారి మాంత్రికునిగా పుట్టించిన పాత్రను తరువాత యోధునిగా మార్చుట సాధ్యము కాదు. ఆ పాత్రను పై మెట్టుకు తెచ్చుటకు ఎన్నో సాయంత్రములు పట్టును. నెలనెలా చందా కూడ చెల్లింపవలెను. పదవ తరగతి విద్యార్థికి ఆ సాయంత్రములు ఊరకే వచ్చినవి కావు. కనుక మక్కువను కొంతసేపు పక్కన పెట్టి లెక్క చూచుట మంచిది.

ఈ లెక్కకు మూలము కంప్యూటరులో లేదు, పాచికలలో ఉన్నది. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటను ప్రకటించిరి. కాగితము, పెన్సిలు, పాచికలు, మాటలు, ఇవే దాని సామగ్రి. 1978 నాటి దాని నియమములలో యోధుని ప్రాణబలమును మెట్టుకొకసారి 10 ముఖముల పాచికతోను, మాంత్రికుని ప్రాణబలమును 4 ముఖముల పాచికతోను నిర్ణయింతురు. మొదటి పాచిక సగటు 5.5, రెండవదాని సగటు 2.5. పొడుగు కత్తి దెబ్బ 8 ముఖముల పాచిక. మొదటి మెట్టులో అదృష్టము పూర్తిగా కలిసివచ్చిన మాంత్రికునికి కూడ 4 పాళ్ల ప్రాణమే యుండును. తగిలిన కత్తి దెబ్బ 4 గాని అంతకు మించి గాని పడు అవకాశము 8లో 5. అనగా ఒక్క దెబ్బకే అతడు నేలకూలుట కూలకుండుట కంటె ఎక్కువ సంభావ్యము. ఇక అతని చేతనున్న మంత్రమో, దినమునకు ఒక్కటి!

ఇంత బలహీనుని ఎవరు కోరుదురు? అయిదవ మెట్టు దాక ఓపిక పట్టినవారు కోరుదురు. అక్కడ అతనికి అగ్నిగోళము లభించును. దాని దెబ్బ ఎన్నవ మెట్టో అన్ని 6 ముఖముల పాచికలు. అయిదు పాచికల సగటు 17.5. ఈ దెబ్బ వలయములో నున్న ప్రతి శత్రువునకు తగులును. ఒక్క శత్రువున్నచో 17.5, నలుగురున్నచో మొత్తము 70. తప్పుకొనగలిగిన వానికి సగమే తగులునను నియమము కలదు గాని, దానివలన ఈ పోలిక తలక్రిందులు కాదు. పదవ మెట్టున పాచికలు పది, సగటు 35. అంతేకాక అగ్నిగోళమును దినమునకు ఒకసారికి బదులు మూడుసార్లు విసరవచ్చును. 17.5 కాస్తా 105 అయినది, అనగా ఆరు రెట్లు. ఆ మధ్యకాలములో యోధుని సగటు ప్రాణబలము 27.5 నుండి 52.5కు, అనగా ఇంచుమించు రెండు రెట్లకు మాత్రమే పెరిగినది. దెబ్బ పరిమాణము, దెబ్బల సంఖ్య రెండును పెరుగుచున్నపుడు వాటి లబ్ధము త్వరితముగా పెరుగును. యోధుని పెరుగుదల సరళరేఖ వంటిది, మాంత్రికునిది వర్గప్రమేయపు వక్రరేఖ వంటిది. ఉపాధ్యాయులు ఈ రెండింటిని ఒకే గ్రాఫు కాగితముపై గీయించినచో వక్రరేఖ మొదట అడుగున నడచి, పిదప సరళరేఖను దాటిపోవుట కనిపించును.

అంతర్జాల క్రీడల పూర్వికుడైన మడ్ అను ఆటను 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయములో రాయ్ ట్రబ్‌షా ఆరంభింపగా రిచర్డ్ బార్టల్ పెంపొందించెను. అందులో మాంత్రికత్వము మొదట కోరుకొను పాత్రయే కాదు. కష్టపడి పైకి వచ్చినవానికి చివర లభించు పదవి. ఆ ఏర్పాటే న్యాయమైనదని తోచును!

తరువాతి క్రీడలు పాచికలను తెర వెనుకకు నెట్టినవి గాని లెక్కను మార్చలేదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తొలి రూపమును 2019లో క్లాసిక్ అను పేర మరల విడుదల చేసిరి. అందులో మాంత్రికుడు వస్త్రమే ధరించును, ఇనుప కవచము పనికిరాదు. అతని అగ్నిగోళమును పై మెట్లలో పలుకుటకు 3.5 సెకండ్లు పట్టును. పలుకుచుండగా దెబ్బ తగిలిన మంత్రము ఆలస్యమగును. కనుక ముందు నిలిచి దెబ్బలు కాచుకొను యోధుడొకడు అతనికి అవసరము. బదులుగా అతడు తోటివారికి నీరు, ఆహారము సృష్టించి యిచ్చును. ఒక శత్రువును గొఱ్ఱెగా మార్చి 50 సెకండ్ల దాక పోరునుండి తప్పించును. కాని తొందరపడి ఎవరైన ఆ గొఱ్ఱెను కొట్టిరా, మంత్రము వెంటనే విడిపోవును. ఈ విద్యలో సగము మాంత్రికునిది, సగము మిత్రుల నిగ్రహము.

ఇక ఊరి సంగతి. ముత్యంపేటలో ఒకడు, కోరుట్లలో ఒకడు, సిరిసిల్లలో ఒకడు కూడి ఆడుదురనుకొనుడు. వారి ఆజ్ఞలు ఒకరినుండి మరొకరికి నేరుగా పోవు. ఎక్కడనో యున్న సర్వరుకు పోయి మరలి వచ్చును. గాజు తీగలో కాంతి వేగము సెకండుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. సర్వరు ముంబయిలో ఉన్నచో ముత్యంపేట నుండి దూరము సుమారు 600 కిలోమీటర్లు, పోయి వచ్చుటకు 6 మిల్లీసెకండ్లు. సింగపూరులో ఉన్నచో సుమారు 3,400 కిలోమీటర్లు, 34 మిల్లీసెకండ్లు. తీగ తిన్నగా పోదు, నడుమ యంత్రములు ఆగి చూచును. కనుక వాస్తవ కాలము ఇంతకంటె ఎక్కువే. దూరపు సర్వరు మాంత్రికునికి చేటని పలువురు తలంతురు. కాని 3.5 సెకండ్ల మంత్రములో 34 మిల్లీసెకండ్లు నూటికి ఒక పాలు మాత్రమే. ఆ జాప్యము నిజముగా బాధించునది క్షణములో ప్రతిచర్య చూపవలసిన పనిని. శత్రువు మంత్రమును నడుమ తుంచుట అట్టిది. దానికంటె ప్రమాదకరమైనది సంబంధము పూర్తిగా తెగిపోవుట. సిగ్నలు పోయిన పది సెకండ్లలో కవచము గల యోధుడు ఒకవేళ బ్రతుకును, వస్త్రధారి బ్రతుకడు.

కాబట్టి ఒంటరిగా, తెగుచుండు సిగ్నలుతో ఆడువానికి యోధుడే తగును. ముగ్గురు మిత్రులు కలిసి ఆడుచు, వారిలో ఒకడు ముందు నిలుచుటకు ఒప్పుకొన్నచో మాంత్రికుని కోరవచ్చును. ముగ్గురును మాంత్రికులే కాగోరిన పక్షమున ఫైనల్ ఫాంటసీ 14 అను క్రీడను చూడవచ్చును. అందులో చేతి ఆయుధమును మార్చినచో పాత్రయే మారును. నిన్నటి మాంత్రికుడు నేడు అదే పేరుతో డాలు పట్టి ముందు నిలువగలడు, కాని ఆ కొత్త విద్యను మొదటి మెట్టునుండి నేర్వవలసినదే.