వెలుగునీడలను ఒకే ఫోటోలో పట్టుట

రాజమహేంద్రవరమున పుష్కరాల రేవులో సాయంకాలము నిలిచి పడమరకు చూచువారికి, ఆవలి ఒడ్డున కొవ్వూరు చెట్లవెనుకకు దిగుచున్న సూర్యుడును, మేఘముల అంచులందలి బంగారు గీతలును, ఇవతల మెట్లపై కూర్చున్న మనుష్యుల ముఖములును, కట్టివేసిన పడవల రంగులును అన్నియు స్పష్టముగా కనబడును. అదే దృశ్యమును కెమెరాతో తీసినచో సగమే దక్కును. ఆకాశము సరిగా వచ్చినచో పడవలు, మనుష్యులు నల్లని ముద్దలగుదురు. మెట్లు సరిగా వచ్చినచో ఆకాశము సున్నము కొట్టిన గోడవలె తెల్లబారును. క్రొత్తగా కెమెరా కొన్నవారు దీనిని తమ చేతకానితనముగా భావించి నిరుత్సాహపడుదురు. తప్పు వారిది కాదు. కెమెరా చెడిపోయినదియు కాదు.

మన కన్ను దృశ్యమునంతటిని ఒక్కసారి చూచునని అనుకొందుము గాని అది నిజము కాదు. చూపు మేఘముమీద నున్నప్పుడు కంటిపాప కుంచించుకొనును. మెట్లమీదికి దిగినప్పుడు విప్పారును. కంటిలోని తెరయు వెలుతురును బట్టి తన గ్రహణశక్తిని మార్చుకొనుచుండును. ఇట్లు ముక్కలు ముక్కలుగా చూచినదానిని మెదడు ఒక్కటిగా కూర్చి మనకు అందించును. కెమెరాకు ఈ సదుపాయము లేదు. షట్టరు తెరచియున్నంతసేపు ఆకాశమునకును నేలకును అది ఒకే కొలతను వాడును. కెమెరాలోపల లక్షలకొలది చిన్న చిన్న పాత్రలు పరచియున్నవనియు, వెలుతురు వానవలె వానిలో పడుచున్నదనియు ఊహించుకొనుడు. ఆకాశమునకు ఎదురైన పాత్రలు ముందుగా నిండి పొర్లిపోవును. పొర్లిన తరువాత ఎంత పడినదో లెక్క చెప్పువారెవరు? ఫోటోలో కనబడు ఆ తెల్లదనము అట్టి లెక్క తప్పిన తెల్లదనము. దానిని తరువాత ఎవ్వరును బాగుచేయజాలరు. నీడకు ఎదురైన పాత్రలలోనో నాలుగు చుక్కలు మాత్రమే పడును. ఆ భాగమును పిమ్మట బలవంతముగా వెలిగించినచో ఇసుక చల్లినట్లు గరుకుగా కనబడును.

రేడియో గల ఇంటివారికి ఈ చిక్కు పరాయిది కాదు. కచేరీలో వీణపై పలుకు సన్నని గమకమునకును, తని ఆవర్తనమున మృదంగపు ముక్తాయింపునకును గల తారతమ్యము నంతటిని ప్రసారము మోయజాలదు. అందుచేత నియంత్రణపు గదిలోని ఇంజనీరు సన్నని ధ్వనిని కొంత పెంచి, పెద్ద ధ్వనిని కొంత తగ్గించి పంపును. పని చక్కగా చేసినచో అట్టివాడొకడున్నట్లే మనకు తెలియదు. రెండింటిని ఒకే స్థాయికి తెచ్చినచో కచేరీ చప్పబడిపోవును. హై డైనమిక్ రేంజ్, క్లుప్తముగా హెచ్.డి.ఆర్., అను ఫోటో పద్ధతి వెలుతురు విషయమున చేయు పని ఇట్టిదే. డైనమిక్ రేంజ్ అను మాటయు రెండు విద్యలకు ఉమ్మడి.

పేరు క్రొత్తది గాని ప్రయత్నము పాతది. 1850 తరువాతి సంవత్సరములలో వాడుకలోనున్న కొలోడియన్ పలకలపై నీలి వెలుతురు మిక్కిలి త్వరగా పనిచేసెడిది. సముద్రము సరిగా పడునంతలో ఆకాశము పాడయ్యెడిది. ఫ్రాన్సు దేశీయుడగు గుస్తావ్ లె గ్రే సముద్రమునకు ఒక నెగటివు, ఆకాశమునకు ఒక నెగటివు తీసి, రెండింటిని నింగియు నీరును కలియు గీతయొద్ద చేర్చి ఒకే కాగితముపై అచ్చువేసెను. మధ్యధరా తీరమున సేత్ పట్టణమునొద్ద 1857లో తీసిన ‘మహాతరంగము’ ఈ కోవలోనిది. అంతవరకు బాగుగనే యున్నది. కాని ఆయన ఒకే మేఘమాలను వేరువేరు సముద్రములపై అతికించుటయు గలదు. ఆ చిత్రములు అందమైనవే. అయితే ఆ సముద్రముపై ఆనాడు ఆ మేఘములు లేవు. ఉన్నదానిని చూపుటకు పుట్టిన ఉపాయము లేనిదానిని కల్పించుటకును పనికివచ్చునని అప్పుడే తేలినది.

కంప్యూటరుచేత ఈ పని చేయించు మార్గమునకు గట్టి పునాది వేసినవారు పాల్ డెబెవెక్, భారతదేశమున జన్మించిన జితేంద్ర మాలిక్ అను శాస్త్రజ్ఞులు. ఒకే దృశ్యమును ఎక్కువ తక్కువ వెలుతురులలో పలుమారులు తీసి, ఆ ఫోటోల నుండి అసలు వెలుతురు ప్రమాణములను రాబట్టు విధానమును వారు 1997లో ప్రకటించిరి.

ఇక రేవునకు వత్తము. మొట్టమొదట కావలసినది గట్టి ముక్కాలి స్టాండు. ఒకే దృశ్యమును మూడుమారులు తీయవలెను గనుక కెమెరా కదలరాదు. మెట్ల చివరి వరుసలో నీటితడి యుండును. స్టాండును ఒకటి రెండు మెట్లు పైన నిలుపుట మేలు. అపెర్చరును ఎనిమిదవ అంకెయొద్ద స్థిరపరచి, ఐ.ఎస్.ఓ.ను 100కు తగ్గించి, ఫోకసును ఒకసారి సరిచూచుకొని ఇక ముట్టుకొనరాదు. వెలుతురును షట్టరు వేగముతోడనే మార్చవలెను. అపెర్చరును మార్చినచో ఒక ఫోటోలో దూరపు చెట్లు స్పష్టముగాను, వేరొకదానిలో మసకగాను వచ్చి, మూడును కలియవు. కెమెరా తనంత చూపిన కొలత సెకండులో 30వ వంతు అయినచో, మొదటి ఫోటో ఆ వేగముననే తీయవలెను. రెండవది 125వ వంతున, మూడవది 8వ వంతున. మొదటిదానికంటె రెండవదానిలో వెలుతురు నాలుగవ వంతు, మూడవదానిలో నాలుగు రెట్లు పడును. రెండవదానిలో మేఘములు, మూడవదానిలో మెట్లు నిలుచును. బ్రాకెటింగు అను మీట గల కెమెరాలు ఈ మూటిని తమంతట తామే వరుసగా తీయును. ఫోటోలను ‘రా’ అను ముడిరూపమున దాచుట మంచిది, జె.పి.ఇ.జి. రూపమున కెమెరా చాల సమాచారమును ముందే విడిచిపెట్టును. సూర్యబింబముమీద మాత్రము ఆశ పెట్టుకొనరాదు. అది ఏ ఫోటోలోనైనను తెల్లగనే వచ్చును. చూచువారికి అదియే సహజముగా నుండును.

మూడు ఫోటోల నడుమ లోకము ఊరకుండదు. విల్లులవంటి కమానుల రైలువంతెనమీద బండి పోవుచుండగా తీసినచో, మొదటి ఫోటోలోని ఇంజను మూడవదానిలో వేరొకచోట నుండును. కలిపిన పిమ్మట బండి దయ్యమువలె పారదర్శకమై కనబడును. ఫోటోగ్రాఫరులును దీనిని దయ్యమనియే పిలుతురు. పడవ నడచినను, కొమ్మ ఊగినను ఇదే గతి. దీనిని సరిదిద్దు సాధనములు నేటి ప్రోగ్రాములలో గలవు. అవి కదలిన వస్తువును ఒక్క ఫోటోనుండియే గ్రహించును. అయినను బండి దాటిపోవువరకు ఆగుట అంతకంటె సులభము.

కలుపుట కంప్యూటరు పని, క్షణములలో ముగియును. అసలు చిక్కు ఆ తరువాత గలదు. కలిపిన చిత్రమున వెలుగునీడల భేదము వేల రెట్లుండును. కాగితముపై అచ్చైన బొమ్మలో మిక్కిలి తెలుపునకును మిక్కిలి నలుపునకును గల భేదము 100, 200 రెట్లకు మించదు. ఆ పెద్దదానిని ఈ చిన్నదానిలో ఇముడ్చుటను టోన్ మ్యాపింగు అందురు. ఇందుకొరకు ప్రోగ్రాములో జరుపుడు మీటలు కొన్ని యుండును. అవి చేతికి దొరికిన మొదటి వారము క్రొత్తవారు వానిని తుదకంట జరుపుట నేను పలుమారులు చూచితిని. అప్పుడు మెట్ల క్రింది నీడ యంతయు తొలగి, ప్రతి రాయియు మధ్యాహ్నమువలె వెలుగును. వంతెన నల్లని అంచుచుట్టు చంద్రునికి వరదగుడి కట్టినట్లు తెల్లని వలయ మేర్పడును. శ్రావణ భాద్రపదములలో ఎర్రమట్టి కలిసివచ్చు వరదనీరు నారింజరసమువలె మారును. ఇంట చూచినవారు ‘ఎంత బాగున్నదో’ అందురు. ఇది ఏ యూరని అడిగినచో చెప్పలేరు.

సాయంకాలమునకు సాయంకాలపు రూపమిచ్చునది నీడ. మెట్లపై కూర్చున్నవారి ముఖములు పోల్చుకొనుటకు చాలినంత వెలుతురున్నచో చాలును. మేఘముకంటె మెట్లు ఎప్పుడును చీకటిగనే యుండవలెను. ఈ పరీక్షలో నిలువని చిత్రమును మరల మొదటినుండి చేయుట మంచిది. దీనికొక ఉపాయము గలదు. సవరించిన చిత్రమును ఆ రాత్రి విడిచి, మరునాడుదయము మూడు ఫోటోలలో మధ్యదాని ప్రక్కన పెట్టి చూడుడు. అతి యెక్కడ జరిగినదో తడవక తెలియును. మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ అనువారు 2007లో ప్రకటించిన వేరొక విధానమున, ప్రతి ఫోటోనుండి బాగుగా పడిన భాగములకు ఎక్కువ ప్రాధాన్యమిచ్చి నేరుగా మేళవింతురు. అందు అతికి అవకాశము తక్కువ. ప్రారంభకులు దానితో మొదలిడుట మేలని నా అభిప్రాయము.

ఇంత పట్టింపు దేనికని అడుగవచ్చును. రేవునకు ఎగువన పాపికొండల దారిలో పోలవరము జలాశయమున మునుగు గ్రామములు గలవు. అక్కడి ఒడ్డుల ఫోటోలు తీసినవారి చేతనున్నది వినోదము కాదు. ఆ కొండవాలు నిజముగా ఎంత పచ్చన, ఆ లోయలో ఉదయపు నీడ ఎంతవరకు దిగెడిది, అచ్చట పుట్టి వేరొకచోట పెరుగు పిల్లలకు చెప్పునవి ఆ ఫోటోలే. లె గ్రే మేఘములు అచ్చట పనికిరావు.

నేటి జేబుఫోనులలో పెక్కు ఈ పనిని మనల నడుగకయే చేయుచున్నవి. మీట నొక్కిన క్షణముననే పెక్కు ఫోటోలను గ్రహించి కలిపివేయును. ఫలితము తరచుగా బాగుగనే యుండును. కాని నీడ ఎంత యుండవలెనో నిర్ణయించునది ఫోను, తీయువాడు కాడు. కెమెరాతో మూడు ఫోటోలు తీయుటలోని శ్రమ ఆ నిర్ణయమును తన చేతిలో ఉంచుకొనుటకే.

సూర్యుడు కొవ్వూరు వెనుక దిగిన ఇరువది నిమిషములకు ఆకాశము నీలము చిక్కబడి, మెట్ల వెలుతురుతో ఇంచుమించు సమమగును. రేవులో దీపములు వెలుగును. ఆ కొద్దిసేపు ఒక్క ఫోటో చాలును. స్టాండు మాత్రము విప్పవలదు, షట్టరు కొన్ని సెకండులు తెరచియుండవలెను.